పైన జరిగే ఖర్చు, కింద రాసే లెక్క: స్ట్రాటో ఆవరణంలో మీథేన్

ఎడగారు నాట్లయిన నెలకి కోవూరు వైపు ఏ మడిలో కాలు పెట్టినా బురదలోంచి బుడగలు లేస్తాయి. మడమ పక్కన మూడు నాలుగు, వేళ్ల సందుల్లో ఇంకో రెండు. వాటిలో మీథేన్ ఉంటుంది. నీళ్లు నిలిచిన బురదలోకి గాలి పోదు. ఆ ఊపిరాడని చోట బతికే సూక్ష్మజీవులు పాత మోళ్లనీ, వేళ్ల నుంచి ఊరే పదార్థాన్నీ తిని ఈ వాయువును వదులుతాయి. కంటికి కనిపించేది బుడగే అయినా, పైరు పెరిగాక అసలు దారి అది కాదు. వరి కాడ లోపల సన్నటి గాలి గొట్టాలు ఉంటాయి. ఎక్కువ మీథేన్ వాటి గుండానే, చప్పుడు లేకుండా బయటికి పోతుంది.

మొన్న గనిమ మీద కూర్చున్నప్పుడు మా మామ అడిగాడు. "ఏంది అల్లుడా, ఉపగ్రహం ఏ దేశం వరి ఎంత గ్యాసు వదిలిందో చెప్తాదంటనే, ఆడనుంచి ఎట్టా తెలుస్తాది దానికి?"

మంచి ప్రశ్న. జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలదు. ఎందుకంటే ఉపగ్రహానికి మడి కనపడదు. మడి మీదున్న గాలంతా, నేల నుంచి అంతరిక్షం అంచు దాకా, ఒకే దొంతరగా కనపడుతుంది. జపాన్ 2009 జనవరిలో పంపిన గోశాట్ గానీ, 2017 అక్టోబరులో పైకెళ్లిన సెంటినెల్-5పీ మీదున్న ట్రోపోమీ పరికరం గానీ చేసే పని ఒకటే. నేలను తాకి వెనక్కి వచ్చే ఎండలో ఏ పరారుణ రంగులు ఎంత తగ్గాయో చూసి, ఆ దొంతర మొత్తంలో సగటున ఎంత మీథేన్ ఉందో చెప్తాయి. అందులో మడి వాటా ఎంత, గాలి మోసుకొచ్చింది ఎంత, పైన కరిగిపోయింది ఎంత అని విడదీసేది ఉపగ్రహం కాదు, కంప్యూటర్ మోడల్. ఆ మోడల్ ఎక్కడో 30, 40 కిలోమీటర్ల ఎత్తులో తప్పు లెక్క వేస్తే ఆ తేడా కింద, మనలాంటి వాళ్ల మడి ఖాతాలో పడుతుంది. ఈ వ్యాసమంతా ఆ తప్పు గురించే.

లెక్క అర్థం కావాలంటే మన చెరువును తలచుకుంటే చాలు. చెరువులోకి ఎన్ని వాగులు, వంకలు కలుస్తాయో, ఏ వంకలో ఎంత పారిందో ఎవరూ కొలవరు. చెరువు మట్టం ఎంత పెరిగిందో తెలుసు. తూములోంచి ఎంత పోయిందో, కలుజు మీద ఎంత పొర్లిందో, ఎంత ఇంకిందో అంచనా ఉంటుంది. పోయినదానికి మట్టంలో పెరిగినది కలిపితే వచ్చినదెంతో తేలుతుంది. మీథేన్ లెక్క కూడా అచ్చం ఇదే. పోయినదాన్ని తప్పుగా అంచనా వేస్తే, వచ్చినది కూడా అంతే తప్పుతుంది.

ఇప్పుడు గాలిలో మీథేన్ దాదాపు 1920 పీపీబీ ఉంది. అంటే వంద కోట్ల గాలి అణువుల్లో 1920. పరిశ్రమలు రాకముందు ఇది 720 దగ్గర ఉండేది. శాస్త్రవేత్తలు బరువును టెరాగ్రాముల్లో చెప్తారు, ఒక టెరాగ్రాము అంటే 10 లక్షల టన్నులు. (మనం ధాన్యాన్ని పుట్లలో చెప్పి పక్క జిల్లావాళ్లను తికమకపెట్టినట్టే అనుకోండి. నెల్లూరు పుట్టి 850 కిలోలు.) ఒక పీపీబీ మీథేన్ అంటే సుమారు 27.5 లక్షల టన్నులు. ఆ లెక్కన గాలిలో మొత్తం 530 కోట్ల టన్నుల దాకా ఉంది. ఏటా కొత్తగా చేరేది 57, 58 కోట్ల టన్నులు. పోయేది అంతకంటే కాస్త తక్కువ. మిగులు ఏడాదికి పది పీపీబీ అటూ ఇటూ. అంటే సుమారు 3 కోట్ల టన్నులు.

పోయేదాంట్లో పెద్ద తూము ఒకటే. దాని పేరు హైడ్రాక్సిల్ రాడికల్. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన ఈ కణం క్షణం కూడా ఊరికే ఉండదు, దొరికినదాన్ని పట్టుకుని ఆక్సీకరణ చేసేస్తుంది. మనం పీల్చే గాలి ఉన్న కింది పొరలో, అంటే ట్రోపో ఆవరణంలో, వంద మీథేన్ అణువుల్లో దాదాపు తొంభై దీని చేతికే చిక్కుతాయి. నాలుగైదు నేలలో ఇంకుతాయి, అక్కడి బ్యాక్టీరియా తింటుంది. ఒకటో రెండో సముద్రపు ఉప్పు గాలిలోని క్లోరిన్‌కు పోతాయి. మిగిలిన అయిదారు మాత్రం తప్పించుకుని, పైనున్న స్ట్రాటో ఆవరణానికి చేరి అక్కడ నశిస్తాయి.

వందలో అయిదే కదా అని వదిలేయబుద్ధి అవుతుంది. కానీ ఆ అయిదు ఏటా 3 కోట్ల టన్నులు. పైన చెప్పిన ఏడాది మిగులు కూడా అంతే. ప్రపంచంలోని వరి మళ్లన్నీ కలిసి ఏటా వదిలేదీ దాదాపు అంతే. 2020లో వెలువడిన ప్రపంచ మీథేన్ పద్దులో, రకరకాల రసాయన మోడళ్లు ఈ పైపొర నష్టాన్ని కోటీ 20 లక్షల టన్నుల నుంచి 3 కోట్ల 70 లక్షల టన్నుల దాకా చూపించాయి. ఆ రెండు అంకెల మధ్య తేడా రెండున్నర కోట్ల టన్నులు. మన దేశపు వరి మొత్తం మీద వచ్చే మీథేన్ 30, 40 లక్షల టన్నులు అని లెక్కలు చెప్తాయి. అంటే మోడళ్ల మధ్య తగాదాయే మన వరి మొత్తానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు. చిన్న పద్దు అని పక్కన పెట్టేది కాదు.

ఇంతకీ పైన జరిగేదేంటి? నెల్లూరు నుంచి నిట్టనిలువునా ఎక్కుదాం. కింద 30 డిగ్రీల వేడి. పైకి పోయేకొద్దీ చల్లబడుతూ, 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80 డిగ్రీలకు దిగుతుంది. కింది పొరకూ స్ట్రాటో ఆవరణానికీ మధ్య గడప అదే. దాని పేరు ట్రోపోపాజ్. భూమ్మీద గాలి ప్రధానంగా ఈ ఉష్ణమండలపు గడప దాటే పైకి పోతుంది. మన ఋతుపవనాల కాలంలో ఉరుముల మేఘాలు కింది గాలిని ఆ ఎత్తు దగ్గరికి లేపి, మధ్యధరా నుంచి చైనా దాకా పరుచుకునే ఒక పెద్ద సుడిలో తిప్పుతుంటాయి. మీథేన్ ఎక్కువున్న గాలి అందులో పేరుకుంటుంది.

ఆ చలిలో హైడ్రాక్సిల్ కూడా బద్ధకిస్తుంది. నేల దగ్గరి వేడిలో అది మీథేన్‌ను పట్టే వేగంతో పోలిస్తే మైనస్ 80లో వేగం పాతిక రెట్లకు పైగా తగ్గుతుంది. అందుకే గడప దాటిన వెంటనే మీథేన్‌కు ఏమీ కాదు. అక్కడి రసాయనం మీద వదిలేస్తే దశాబ్దాల పాటు అలాగే ఉంటుంది. ఇంకా పైకి పోతే కథ మారుతుంది. ఓజోన్ ఎండను పీల్చి గాలిని వేడెక్కిస్తుంది. 50 కిలోమీటర్ల దగ్గర మళ్లీ సున్నా డిగ్రీల చుట్టుపక్కలకు వస్తుంది. అతినీలలోహిత కిరణాలు ఓజోన్‌ను చీల్చి, శక్తి నిండిన ఆక్సిజన్ పరమాణువును విడుదల చేస్తాయి. అది మీథేన్‌ను నేరుగా కొడుతుంది, లేదా నీటి ఆవిరిని కొట్టి రెండు హైడ్రాక్సిల్‌లను పుట్టిస్తుంది. ఇక మూడోది క్లోరిన్. పాత ఫ్రిజ్‌లు, ఏసీలు, స్ప్రే డబ్బాల నుంచి వెళ్లిన సీఎఫ్‌సీలు ముక్కలై ఇచ్చిన క్లోరిన్ అది. మూడూ కలిసి పనిచేసే ఆ ఎత్తులో మీథేన్ ఆయుష్షు నెలల్లోకి పడిపోతుంది. గడప దగ్గర 1800 పీపీబీకి పైగా ఉన్నది 50 కిలోమీటర్ల దగ్గర కొన్ని వందలకు దిగుతుంది. అంతకంటే పైన సూర్యకాంతే నేరుగా విరగ్గొడుతుంది గానీ, అక్కడ మిగిలిన మీథేనే తక్కువ.

క్లోరిన్ సంగతి ఒకటి చెప్పాలి. మీథేన్‌ను కొట్టిన క్లోరిన్ ఒక హైడ్రోజన్‌ను లాక్కుని హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారి నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉన్నంతసేపూ ఓజోన్ జోలికి పోలేదు. అంటే మీథేన్ తాను పోతూ ఓజోన్‌ను కాస్త కాపాడుతుంది. ఇంకోటి, అక్కడ విరిగే ఒక్కో మీథేన్ దాదాపు రెండు నీటి అణువులను ఇస్తుంది. గడప దగ్గరి చలికి గాలిలో తేమ గడ్డకట్టి పడిపోతుంది కాబట్టి, పైకి వచ్చే గాలిలో నీరు పది లక్షలకు నాలుగు అణువులే. పైకి పోయేకొద్దీ అది ఆరేడు అవుతుంది. ఆ పెరిగిన నీళ్లు మన మళ్లు, చిత్తడి నేలలు, పశువులు, బొగ్గు గనులు, గ్యాసు బావుల నుంచి వెళ్లిన మీథేన్ తాలూకువే.

ఈ గాలి దారిని పట్టింది కూడా నీళ్ల ద్వారానే. 1949లో అలన్ బ్రూవర్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్ మీద స్ట్రాటో ఆవరణం విపరీతంగా పొడిగా ఉందని చూపించి, అంత పొడి కావాలంటే ఆ గాలి ఉష్ణమండలంలోని అతిచల్లటి గడప దాటి వచ్చి ఉండాలని తేల్చాడు. ఓజోన్ లెక్కలతో డాబ్సన్ 1956లో దాన్నే బలపరిచాడు. అందుకే ఆ ప్రవాహానికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఉష్ణమండలంలో లేచిన గాలి తీరిగ్గా ధ్రువాల వైపు నడిచి అక్కడ దిగుతుంది. ధ్రువాల మీద ఎత్తులో ఉండే గాలి వయసు, అంటే కింది పొరను వదిలిన నాటి నుంచి, నాలుగైదేళ్లు. ఈ రోజు మన దగ్గర కొలిచిన మీథేన్ అక్కడికి ఎప్పటికో చేరుతుంది. చేరేలోపు ఎంత ఎత్తుకు ఎక్కిందన్నదాన్ని బట్టే ఎంత మిగిలిందో ఉంటుంది. పైపొర నష్టాన్ని నిర్ణయించేది రసాయనం ఒక్కటే కాదు, గాలి నడక కూడా. మోడళ్లకు తలనొప్పి ఇక్కడే.

ఈ నష్టాన్ని మోడల్‌లో ఎలా రాస్తారు? పూర్తి రసాయనం రాయొచ్చు. వందలాది చర్యలు, ఎండ కోణం, ఓజోన్, నీరు, క్లోరిన్, అన్నీ, మోడల్ భూగోళాన్ని కోసుకున్న ప్రతి గడిలో, కాలంలో వేసే ప్రతి అడుగుకూ లెక్కించాలి. నిజాయితీగల పద్ధతి, కానీ ఖరీదైనది. ఇంకో కొసన, మొత్తం స్ట్రాటో ఆవరణాన్ని ఒక్క అంకెతో సరిపెట్టొచ్చు: గాలిలోని మీథేన్ అంతా ఈ ఒక్క దారినే పోవాల్సి వస్తే ఇన్నేళ్లు పడుతుంది అని. గాలినంతా ఒకటి రెండు పెట్టెలుగా చూసే పెట్టె మోడళ్లకు అది చాలు. కొన్ని మోడళ్లు పై పొరలో మీథేన్‌ను లెక్కించడం మానేసి, ఉపగ్రహాలు చూసిన సగటు విలువ వైపు మెల్లగా లాగుతాయి. నష్టం ఎంతో అప్పుడు అదే సర్దుకుంటుంది. వాతావరణ సూచనల మోడళ్లకు మీథేన్‌తో పనే లేదు, దానివల్ల పుట్టే నీళ్లే కావాలి. నీళ్లకు రెండింతల మీథేన్ కలిపితే పైపొరలో ఎక్కడైనా మొత్తం దాదాపు మారదు, పది లక్షలకు ఏడు చుట్టుపక్కలే. ఆ కిటుకుతో యూరప్ మధ్యశ్రేణి వాతావరణ అంచనాల కేంద్రం మీథేన్‌ను మోయకుండానే నీళ్లు పుట్టిస్తుంది. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన పిసినారితనం ఇదే.

ఉపగ్రహం చూసినదాని నుంచి మళ్ల దాకా వెనక్కి నడిచే పనికి మాత్రం ఎక్కువగా వాడేది పట్టిక పద్ధతి. ఒక పెద్ద రసాయన మోడల్‌ను ముందే నడిపి, ఏ అక్షాంశంలో, ఏ ఎత్తులో, ఏ నెలలో మీథేన్‌లో ఎన్నో వంతు పోతుందో పట్టిక వేసి ఉంచుతారు. తర్వాత చిన్న మోడల్ ఆ వంతును తన దగ్గరున్న మీథేన్‌తో గుణించి తీసేస్తుంది. అంతే. జియోస్-కెమ్ మోడల్‌లోని మీథేన్ లెక్క ఇలాంటిదే. దీనికి గట్టి కారణం ఉంది. లెక్కను వెనక్కి నడపాలంటే మోడల్‌ను మళ్లీ మళ్లీ తిప్పాలి. మీథేన్ రెట్టింపైతే నష్టమూ సరిగ్గా రెట్టింపయ్యే సూటి లెక్క అయితే పని సులువు.

చిక్కేమిటంటే ఆ పట్టిక పక్క ఊరికి గణించిన పంచాంగం లాంటిది. తిథి ఒకటే అయినా సూర్యోదయం మన ఊరికి కాదు. పట్టికలోని వంతులు ఒక మోడల్ గాలులతో, ఆ మోడల్ ఓజోన్‌తో, ఒక కాలపు క్లోరిన్‌తో వేసినవి. వాటిని తెచ్చి వేరే గాలులున్న మోడల్‌లో పెడతాం. ఆ మోడల్‌లో గాలి పైకి తొందరగా ఎక్కితే ఎక్కువ మీథేన్ ఆ కొట్టే చోటికి చేరుతుంది, నష్టం పెరుగుతుంది. నెమ్మదిగా ఎక్కితే తగ్గుతుంది. పైగా క్లోరిన్ ఒక్కచోట ఉండదు. సీఎఫ్‌సీలకు కళ్లెం వేసిన 1987 మాంట్రియల్ ఒప్పందం పుణ్యాన 1990ల చివర్లో గరిష్ఠానికి చేరి ఇప్పుడు మెల్లగా తగ్గుతోంది. నాటి పట్టిక నేటికి కాస్త ఎక్కువే కొడుతుంది. ఇక 2022 జనవరి 15న పసిఫిక్‌లో హుంగా టోంగా అగ్నిపర్వతం పేలి, దాదాపు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని ఒక్కసారిగా స్ట్రాటో ఆవరణంలోకి చిమ్మింది. అక్కడ ఉండే నీటిలో అది పదో వంతు. నీళ్లు పెరిగితే హైడ్రాక్సిల్ పుట్టుక మారుతుంది. ముందే అచ్చేసిన పట్టికకు ఆ పేలుడు సంగతి తెలియదు.

ఇంతకంటే మొండి సమస్య గడి సైజు. ఖర్చు తగ్గించుకోవడానికి భూగోళాన్ని 4 డిగ్రీల వెడల్పు, 5 డిగ్రీల పొడవు గళ్లుగా కోస్తారు. మన దగ్గర అలాంటి ఒక్క గడి సుమారు 440 కిలోమీటర్లు బై 540 కిలోమీటర్లు. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి, చెన్నై, బంగాళాఖాతంలో కొంత, అన్నీ ఒకే సగటు. వరికి ఇది ఇబ్బందే గానీ, పైన ఇంకా పెద్ద ఇబ్బంది. చలికాలంలో ధ్రువం మీద గాలి గిర్రున తిరిగే సుడి గోడ చాలా పదునైనది. లోపల పైనుంచి దిగిన, మీథేన్ తక్కువున్న గాలి. బయట ఎక్కువున్న గాలి. పెద్ద గళ్లలో ఆ గోడ గట్టు తెగిన మడిలా కారుతుంది. లోపల ఉండాల్సినదానికంటే ఎక్కువ మీథేన్ చేరిపోతుంది.

ఇప్పుడు మామ ప్రశ్నకు దగ్గరగా వచ్చాం. మన తల మీద గడప 16, 17 కిలోమీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఉపగ్రహం చూసే దొంతరలో స్ట్రాటో ఆవరణం వాటా పదో వంతే. ధ్రువాల దగ్గర గడప 8, 9 కిలోమీటర్లకే దిగుతుంది. అక్కడి వాటా నాలుగో వంతుకు పైనే. మోడల్ పైపొరలో 100 పీపీబీ ఎక్కువ చూపిస్తే, మన దొంతరలో పది తేడా వస్తుంది, అక్కడి దొంతరలో పాతికకు పైగా. వెతికేది కొన్ని పీపీబీల తేడాల కోసం. అలాంటిచోట పాతిక తేడా అంటే మోడల్‌కు ఒకటే అర్థమవుతుంది: ఉత్తరాన నేను ఎక్కువ చూపిస్తున్నాను, కాబట్టి అక్కడి చిత్తడి నేలలు, గ్యాసు బావులు నేననుకున్నదానికంటే తక్కువ వదులుతున్నట్టున్నాయి అని. అక్కడ తగ్గిస్తుంది. కానీ ప్రపంచం మొత్తం చేరిక, చెరువు మట్టంలా, ముందే ఖాయమై ఉంది. తగ్గించినది ఎక్కడో ఒకచోట కలపాలి. ఆ కలిపేది చాలావరకు ఉష్ణమండలం మీద పడుతుంది.

దీన్ని దిద్దే పని జరుగుతూనే ఉంది. అక్షాంశాన్ని బట్టి ముందే ఒక సవరణ తీసేస్తారు. లేదా మోడల్ పైపొరను పక్కనపెట్టి, 2003లో పైకెళ్లిన కెనడా సైశాట్ ఉపగ్రహం మీదున్న ఏస్ పరికరం చూసిన మీథేన్‌ను అక్కడ పెడతారు. నన్నడిగితే అన్నిటికంటే తెలివైన పరీక్ష నైట్రస్ ఆక్సైడ్‌తో చేసేది. అదీ కింద పుట్టి పైనే నశిస్తుంది. ఒకే కాడికి కట్టిన ఒంగోలు ఎద్దుల్లా రెంటినీ ఒకే గాలి నడిపిస్తుంది. రెంటినీ ఒకదాని మీద ఒకటి గీస్తే దాదాపు ఒకే వంపు గీత వస్తుంది. మోడల్ గీత ఆ వంపు మీద ఉండి, ఎత్తు మాత్రం తప్పితే లోపం గాలి నడకలో ఉన్నట్టు. వంపే తప్పితే రసాయనాన్ని అనుమానించాలి. మొత్తం నష్టం సరిపోయిందని సంతోషపడే మోడళ్లు ఈ పరీక్షలో దొరికిపోతుంటాయి. గాలి నెమ్మది, రసాయనం దూకుడు, రెండు తప్పులూ కలిసి మొత్తాన్ని సరిచేసి ఉంటాయి. క్లోరిన్ వాటా తేల్చడానికి ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, పనికొస్తాయి. బరువైన కార్బన్ ఉన్న మీథేన్‌ను హైడ్రాక్సిల్ వెయ్యికి నాలుగైదు పాళ్ల తేడాతో వదిలేస్తే, క్లోరిన్ 60 పాళ్లకు పైగా తేడా చూపిస్తుంది. ఎవరు తిన్నారో మిగిలిన మెతుకులు చెప్పేస్తాయి.

కొలతలకు ఉపగ్రహాలే అక్కర్లేదు. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 1987లో, ఆ తర్వాత 90ల్లోనూ పెద్ద బెలూన్లు ఎగిరాయి. అహ్మదాబాదు భౌతిక పరిశోధనశాల, జర్మనీ మాక్స్ ప్లాంక్ శాస్త్రవేత్తలు అతిశీతల సీసాల్లో పైపొర గాలిని పట్టి దింపి, మీథేన్‌తో సహా వాయువులను కొలిచారు. ఉష్ణమండలం మీద అలాంటి కొలతలు ప్రపంచంలోనే అరుదు. ఇప్పుడు ఇంకా చవకైన ఉపాయం వచ్చింది. ఎయిర్‌కోర్ అని, వంద మీటర్లకు పైగా పొడవున్న సన్నటి స్టీలు గొట్టాన్ని చుట్ట చుట్టి, ఒక కొస తెరిచి బెలూన్‌కు కడతారు. పైకి పోయేకొద్దీ లోపలి గాలి ఖాళీ అవుతుంది. దిగేటప్పుడు బయటి గాలి దొంతరలు దొంతరలుగా లోపలికి దూరి, ఎత్తు వరసలోనే నిలుస్తుంది. నేల మీద పడ్డాక వెంటనే తెచ్చి ఒక కొస నుంచి లాగుతూ కొలిస్తే, ఆకాశం మొత్తం వరసగా బయటికొస్తుంది.

"అంటే ధ్రువం కాడ తప్పు రాసుకోని మన మడికి జమేస్తారా?" అన్నాడు మామ.

"ఆ సవరణ చేయకపోతే అంతే."

"మరి మన మడిది మన మడికాడే కొలవరా?"

కొలుస్తారు. నాలుగు దుబ్బుల మీద పారదర్శకంగా ఉండే పెట్టె బోర్లించి, పది పదిహేను నిమిషాలకోసారి సిరంజితో గాలి తీసి ల్యాబులో చూస్తారు. దానికి స్ట్రాటో ఆవరణంతో పనిలేదు. కాకపోతే పెట్టె కింద నాలుగు దుబ్బులే పడతాయి, పెన్నా కింద ఆయకట్టు మొత్తం పట్టదు. అందుకే పైనుంచి చూసే లెక్కా కావాలి, కింద పెట్టే పెట్టే కావాలి.

మామ ఈ ఏడు చివరి మడిలో ఆరుతడి పెడుతున్నాడు. మట్టిలోకి దించిన చిల్లుల గొట్టంలో నీళ్లు 15 సెంటీమీటర్ల లోతుకు దిగాకే మళ్లీ తడి ఇవ్వాలని చెప్పారట. లేచి పోయి గొట్టంలోకి పుల్ల పెట్టి చూశాడు. ఇంకా పది దగ్గరే ఉన్నాయి, ఎల్లుండి చూద్దాంలే అని కాలువ అడ్డు అట్లాగే ఉంచేసి వచ్చాడు.